కన్సోల్ స్టోర్‌లో చెత్త ఎందుకు పైకి తేలుతోంది

సోనీ వాళ్ల గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్‌లో 'మై నేమ్ ఈజ్ మేయో' అని ఒక గేమ్ ఉంది. 2016లో వచ్చింది. తెర మీద మేయనీజ్ సీసా ఒకటి ఉంటుంది, బటన్ నొక్కితే దానికి ఒక దెబ్బ తగులుతుంది. పది వేల సార్లు నొక్కితే ప్లాటినం ట్రోఫీ, అంటే గేమ్‌లోని మిగతా ట్రోఫీలన్నీ సాధించినందుకు ఇచ్చే పెద్ద ట్రోఫీ, మన ఖాతాలో పడుతుంది. గంట తీరిక చేసుకుంటే పని అయిపోతుంది. దాని వెనకాల వచ్చినవి చూస్తే ఇదే నయమనిపిస్తుంది, ఇందులో కనీసం నాలుగు జోకులున్నాయి. 'ది జంపింగ్ టాకో', 'ది జంపింగ్ బర్గర్' లాంటి వరసలో అదీ లేదు. ఒక తినే వస్తువు, ఒక బటన్, నొక్కితే ఎగురుతుంది, అంతే. బొమ్మ మారుతుంది, పేరు మారుతుంది, లోపలి ఆట అదే.

ఇలాంటివి కనబడినప్పుడల్లా గేములు ఆడేవాళ్లు అనే మాట ఒకటుంది. "సోనీ వాళ్లు క్వాలిటీ కంట్రోల్ గాలికొదిలేశారు, నింటెండో వాళ్లు అసలు చూడకుండానే స్టోర్‌లో పెట్టేస్తున్నారు" అని. కోపం న్యాయమైనదే, రోగ నిర్ధారణ మాత్రం తప్పు. తనిఖీ ఉంది, చాలా గట్టిగా కూడా ఉంది. కాకపోతే ఆ తనిఖీ పెట్టిన పని వేరు. నాసిరకం గేములు స్టోర్‌లోకి రావడానికీ, వచ్చాక మొదటి వరసలో కూర్చోవడానికీ కారణం తనిఖీలో కాదు, స్టోర్ డబ్బు లెక్కల్లో ఉంది. ఆ లెక్కలు మార్చకుండా గేటు దగ్గర ఎంతమంది కాపలాదారులను పెట్టినా ఫలితం ఉండదని నా వాదన.

ముందు తనిఖీ అంటే ఏమిటో చూద్దాం. కన్సోల్‌లో గేమ్ విడుదల చేయాలంటే కంపెనీ పెట్టిన సాంకేతిక నిబంధనల జాబితా దాటాలి. ప్లేస్టేషన్ చేసే సోనీ దగ్గర దాని పేరు టీఆర్‌సీ, ఎక్స్‌బాక్స్ చేసే మైక్రోసాఫ్ట్ దగ్గర ఎక్స్ఆర్, స్విచ్ చేసే నింటెండో దగ్గర పరీక్ష పేరు లాట్‌చెక్. ఆడుతుండగా కంట్రోలర్ బ్యాటరీ అయిపోతే గేమ్ ఆగి ఆ సంగతి చెబుతోందా? కన్సోల్ స్లీప్‌లోకి వెళ్లి లేచాక ఆట ఉన్నచోటే ఉందా? సేవ్ చేసే సమయానికి స్టోరేజ్ నిండిపోయి ఉంటే పాత సేవ్ పాడవుతోందా? స్విచ్‌ని డాక్ (టీవీకి కలిపే స్టాండు) నుంచి లాగితే, మళ్లీ పెడితే, బొమ్మ సరిగా మారుతోందా? ప్లేస్టేషన్ వెర్షన్‌లో ఎక్కడైనా ఎక్స్‌బాక్స్ బటన్ గుర్తు మిగిలిపోయిందా? ఒక్క మెనూలో అలాంటి గుర్తు ఉన్నా తిప్పి పంపుతారు. ట్రోఫీలు చెప్పినచోట పడుతున్నాయా, వయసు రేటింగ్ సరైనదేనా, ఇలా సాగుతుంది జాబితా.

బస్సుకి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చే అధికారి బ్రేకులూ లైట్లూ చూస్తాడు, ఆ బస్సు ఎక్కదగ్గ ఊరికే వెళ్తోందా అని అడగడు. ఇదీ అంతే. గేమ్ బాగుందా, డబ్బుకి తగినట్టుందా, ఇంకోదాని నకలా అన్న ప్రశ్నలు ఈ జాబితాలో ఉండవు.

ఇక్కడే చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఈ పరీక్ష మంచి గేములకే కష్టం, చెత్త గేములకు చాలా తేలిక. వంద గంటల ఓపెన్ వరల్డ్ (పెద్ద లోకంలో ఇష్టమొచ్చినట్టు తిరిగే) గేమ్‌లో సేవ్ ఫైలు పెద్దది, ఆన్‌లైన్ ఉంది, వందల దృశ్యాలున్నాయి, మెమరీ నిండిపోయే చోట్లు లెక్కలేనన్ని. ఎక్కడో ఒకచోట పరీక్ష తప్పుతుంది, సరిచేసి మళ్లీ పంపాలి. ఎగిరే టాకోలో చెడిపోవడానికి ఏముంది? ఒకే దృశ్యం. ఆన్‌లైన్ లేదు. సేవ్ చేయాల్సింది ఒక్క అంకె. ఒకసారి ఆ మూస పరీక్ష దాటిందంటే, బొమ్మ మార్చి పంపే యాభయ్యోది కూడా అదే దారిన దాటుతుంది. పరీక్ష కఠినతరం చేస్తే ముందు దెబ్బ తినేది నిజంగా కష్టపడి పెద్ద గేమ్ చేసిన చిన్న బృందం.

పరీక్ష దాటడమే నాణ్యత అనుకుంటే 'సైబర్‌పంక్ 2077' సంగతి గుర్తు చేసుకోవాలి. అదీ ఈ పరీక్ష దాటే 2020 డిసెంబర్ 10న పీఎస్4కి వచ్చింది. పాత కన్సోళ్లలో దాని పరిస్థితి ఎంత ఘోరంగా ఉందంటే, వారం తిరిగేసరికి సోనీ దాన్ని స్టోర్ నుంచి తీసేసి అడిగినవాళ్లకు డబ్బు వెనక్కి ఇస్తామంది. 2021 జూన్‌లో గానీ అది మళ్లీ స్టోర్‌లోకి రాలేదు.

"పాత రోజుల్లో ఇలా ఉండేది కాదు, పెట్టె మీద నింటెండో నాణ్యత ముద్ర, అదే సీల్, ఉంటే కళ్లు మూసుకుని కొనేవాళ్లం" అనే మాట కూడా వినిపిస్తూంటుంది. ఆ పాత రోజుల్ని కొంచెం దగ్గరగా చూడాలి.

అటారీ 2600 అనే ఇంటి గేమ్ కన్సోల్ అమెరికాలో 1977లో వచ్చింది. దాని మీద ఎవరు గేమ్ చేసినా ఆపే తాళం ఏదీ ఆ మెషీన్‌లో లేదు. అటారీ వదిలేసి వచ్చిన ప్రోగ్రామర్లు 1979లో ఆక్టివిజన్ పెట్టారు, అటారీ కోర్టుకి వెళ్లింది, 1982లో రాయల్టీ ఒప్పందంతో గొడవ సద్దుమణిగింది. ఆ తర్వాత ఓట్స్ అమ్మే క్వేకర్ కంపెనీకీ ఒక గేముల విభాగం, కుక్కల తిండి అమ్మే ప్యూరినాకీ ఒక ప్రచార గేమ్. ఐదారు వారాల్లో తయారైన 'ఈటీ' సినిమా గేమ్ 1982 చివర్లో వచ్చింది. అమ్ముడుపోని క్యాసెట్లు దుకాణాలు సగం ధరకి, పావు ధరకి తోసేశాయి. ఐదు డాలర్ల బుట్టలో ఆటలు దొరుకుతుంటే ముప్ఫై డాలర్లు పెట్టి కొత్తది కొనేదెవరు? 1983లో సుమారు 320 కోట్ల డాలర్లున్న అమెరికా ఇంటి వీడియో గేముల వ్యాపారం 1985 నాటికి పది కోట్ల దగ్గరికి పడిపోయింది. న్యూ మెక్సికోలో అలమొగోర్డో దగ్గర అటారీ పాతిపెట్టిన సరుకుని 2014లో తవ్వి బయటికి తీశారు కూడా.

ఈ కథలో అందరూ "చెత్త గేములు వచ్చాయి, మార్కెట్ కూలింది" అన్నంతవరకే చెబుతారు. నాకు ముఖ్యమనిపించేది ఆ ధరల బుట్ట. చెడ్డ ఆట ఉండటం వల్ల మంచి ఆట పాడవదు. చెడ్డ ఆట పక్కనే, అదే అరలో, చాలా తక్కువ ధరకి కూర్చుని కొనేవాడి నమ్మకాన్ని తినేసినప్పుడు మంచి ఆట అమ్మకం పోతుంది. నలభై ఏళ్ల తర్వాత నింటెండో ఆన్‌లైన్ స్టోర్ ఈషాప్ డిస్కౌంట్ పేజీలో జరుగుతున్నది సరిగ్గా అదే.

నింటెండో 1985లో ఎన్‌ఈఎస్ అనే కన్సోల్‌తో అమెరికాకి వచ్చినప్పుడు ఈ గుణపాఠం నేర్చుకునే వచ్చింది. కన్సోల్‌లో ఒక చిప్, ప్రతి క్యాసెట్‌లో దాని జోడీ చిప్. దాని పేరు 10ఎన్‌ఈఎస్. రెండూ ఒకే వరసలో సంకేతాలు పంపుకుంటూ ఉండాలి. పొంతన తప్పిందా, కన్సోల్ సుమారు సెకనుకోసారి రీసెట్ అవుతూ పోతుంది. ఎర్ర లైటు ఆరుతూ వెలుగుతూ ఉండటం ఆ తరం వాళ్లందరికీ తెలుసు. దుమ్ము పట్టిన పిన్నుల వల్ల అసలైన క్యాసెట్లకూ ఇదే గతి పట్టేది. తాళంతో పాటు ఒప్పందం: ఒక కంపెనీ ఏడాదికి ఐదు గేములే తేవాలి, ఆ గేమ్ రెండేళ్లు వేరే కన్సోల్‌కి వెళ్లకూడదు, క్యాసెట్లు నింటెండోనే తయారుచేస్తుంది, డబ్బు ముందే కట్టాలి.

దీనివల్ల నాణ్యత పెరిగిందా? సంఖ్య తగ్గింది, అది నిజం. కానీ కొనామి 'అల్ట్రా గేమ్స్' అని ఇంకో పేరు పెట్టి ఐదుకి ఇంకో ఐదు తెచ్చుకుంది. అటారీ గేమ్స్ వాళ్ల టెంజెన్ ఆ తాళం చిప్‌కి నకలు తయారుచేసి లైసెన్స్ లేకుండానే క్యాసెట్లు అమ్మింది, దాని మీద కోర్టు కేసులు నడిచాయి. సీల్ వేసుకుని వచ్చిన సినిమా గేముల్లో ఎన్ని ఆడలేనివో ఎన్‌ఈఎస్ అభిమానులకు చెప్పక్కర్లేదు. చివరికి 2003లో అమెరికాలో ఆ ముద్ర మీద 'క్వాలిటీ' అన్న మాటనే నింటెండో తీసేసింది, 'అఫీషియల్ నింటెండో సీల్' అని మిగిలింది.

సీల్ కింద ఏం దాటిపోయిందో చూడాలంటే నింటెండో 'వీ' (Wii) కన్సోల్ కాలానికి రావాలి. 'నింజాబ్రెడ్ మ్యాన్' అని 2007లో వీకి డిస్క్ మీద వచ్చిన గేమ్. అల్లం బిస్కెట్టు మనిషి కత్తి పట్టుకుని మిఠాయిల లోకంలో తిరుగుతాడు. అదే కంపెనీ అదే కన్సోల్‌కి 'ఆనుబిస్ 2' తెచ్చింది: ఈజిప్టు దేవుడు, ఇసుక. 'ట్రిక్సీ ఇన్ టాయ్‌ల్యాండ్' తెచ్చింది: బొమ్మల లోకం. 'రాక్ ఎన్ రోల్ అడ్వెంచర్స్' తెచ్చింది: గిటారు. నాలుగూ పక్కపక్కన పెట్టి ఆడితే దూకే పద్ధతి అదే, కంట్రోలర్ ఊపితే కొట్టే పద్ధతి అదే, వెతికి ఏరుకునే పనీ అదే. పైతోలు మాత్రమే వేరు. ఇది టెంప్లేట్ కొనుక్కుని బొమ్మలు మార్చే నేటి పద్ధతికి డిస్కుల కాలపు రూపం. డిస్క్ అచ్చు వేయించాలి, పెట్టె అచ్చు వేయించాలి, వయసు రేటింగుకి డబ్బు కట్టాలి, దుకాణంలో అర దొరకాలి. ఇన్ని ఖర్చులు దాటి కూడా అది లాభసాటి అయిందంటే, ఆ ఖర్చులన్నీ ఎత్తేసిన డిజిటల్ స్టోర్‌లో ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఖర్చులు ఎంత తగ్గాయో చూడండి. డిస్క్ లేదు, పెట్టె లేదు. 2013లో మొదలైన ఐఏఆర్‌సీ పద్ధతిలో ఒక ప్రశ్నావళి నింపితే చాలు, పలు దేశాల వయసు రేటింగులు ఒకేసారి వచ్చేస్తాయి, డెవలపర్ పైసా కట్టక్కర్లేదు. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు యూనిటీ, అన్‌రియల్ స్టోర్లలో పూర్తి ఆట మూసలే దొరుకుతాయి. కవర్ బొమ్మకి చిత్రకారుడు అక్కర్లేదు, ఏఐ గీసిపెడుతుంది. ఇవన్నీ చిన్నవాళ్లకు తలుపులు తెరిచినవే, అందుకు సంతోషించాల్సిందే. అదే తలుపులోంచి వీళ్లూ వచ్చారు.

ఇప్పుడు వాళ్ల వైపు నుంచి లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే. టెంప్లేట్‌కి 100 డాలర్లు, ఒక మనిషి వారం పనికి 400, మొత్తం 500 డాలర్లు పెట్టుబడి. 5 డాలర్ల ధర పెడితే స్టోర్ వాటా 30 శాతం పోగా 3.50 చేతికొస్తుంది. 143 కాపీలు పోతే అసలు వచ్చేసినట్టే. రెండోదానికి టెంప్లేట్ ఖర్చు లేదు, 115 చాలు. స్విచ్‌లు ప్రపంచంలో 15 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. అందులో 115 మంది పొరపాటున కొంటే చాలు. ఇక ఇద్దరు మనుషులు నెలకి వెయ్యి డాలర్ల చొప్పున తీసుకుని రెండేళ్లు కూర్చుని చేసిన గేమ్ తీసుకోండి. పెట్టుబడి 48,000. 20 డాలర్లకి అమ్మితే 14 మిగులుతుంది, అసలు రావడానికే 3,429 కాపీలు కావాలి. మొదటివాడు ఈ రెండేళ్లలో వారానికొకటి చొప్పున వంద పేజీలు స్టోర్‌లో పెట్టగలడు. కొత్త విడుదలల వరస తేదీ ప్రకారం నడుస్తున్నంతకాలం, రెండేళ్ల కష్టం ఆ వంద పేజీల మధ్య ఒక్క పేజీ. మర్నాటికి కిందికి జారిపోతుంది. నాసిరకం గేములు ఎవరూ కొనరు కాబట్టి వాటివల్ల నష్టం లేదనేవాళ్లు చూడనిది ఈ జారిపోవడమే.

ఆ వంద పేజీలు కూడా ఊరికే కూర్చోవు. ఈషాప్‌లో చాలాకాలం బెస్ట్ సెల్లర్ల పట్టిక అమ్ముడైన కాపీల సంఖ్యని బట్టి ఉండేది. 2 డాలర్ల గేముకి 90 శాతం తగ్గింపు పెడితే 20 సెంట్లు. పోతే పోయిందని వెయ్యి మంది కొన్నారనుకుందాం: 200 డాలర్ల వసూలు. పక్కన 20 డాలర్ల గేమ్‌ని వంద మంది కొన్నారు: 2,000 డాలర్లు. సంఖ్యని బట్టి చూస్తే మొదటిది పదింతలు పైన ఉంటుంది. పట్టికలోకి ఎక్కాక తగ్గింపు తీసేస్తే, అక్కడ కనబడుతోంది కదా అని పూర్తి ధరకి కొనేవాళ్లు వస్తారు. ఇంకో ఎత్తు: పాత గేములు రెండు మూడు కలిపి 'బండిల్' అని కొత్త పేజీ పెడితే అది కొత్త విడుదలగా లెక్క. ఆ రెంటినే అటూ ఇటూ మార్చి కలిపితే మళ్లీ కొత్తది.

2025లో నింటెండో ఈ పట్టికని కాపీల సంఖ్య నుంచి వసూలైన సొమ్ముకి మార్చింది. ఒక్క గేమ్‌నీ నిషేధించలేదు, ఒక్క కొత్త తనిఖీదారుడూ అక్కర్లేకపోయింది. పైన వేసిన ఉదాహరణ లెక్కలో రెండో గేమ్ ఒక్కసారిగా పదింతలు పైకి వెళ్లిపోయింది. నేను చెబుతున్న వైద్యం ఇలాంటిది.

ప్లేస్టేషన్‌లో రోగం వేరు, అక్కడ ఎర ట్రోఫీ. పీఎస్3 మీద 2008లో ట్రోఫీలు వచ్చాయి. ఒక గేమ్‌లోని మిగతా ట్రోఫీలన్నీ సాధిస్తే ప్లాటినం. కంచుకి 15 పాయింట్లు, వెండికి 30, బంగారానికి 90. ప్లాటినానికి మొదట్లో 180 ఉండేవి, 2020 అక్టోబర్‌లో 300 చేశారు. ఏ గేమ్‌లో ఏ ట్రోఫీలు పెట్టాలన్నది ఒక మొత్తం పాయింట్ల పరిమితిలో డెవలపర్ ఇష్టం. మామూలు పెద్ద గేమ్‌లో నలభై యాభై ట్రోఫీలుంటాయి, వాటిలో ముప్పాతిక వంతు కంచువే. ఈ గేముల జాబితా తెరిస్తే పదో పన్నెండో ఉంటాయి, దాదాపు అన్నీ బంగారమే. పరిమితిలో పట్టినంత బంగారం కుక్కి, అతి తక్కువ నొక్కులకి అతి ఎక్కువ పాయింట్లు ఇవ్వడమే ఆ అమరిక ఉద్దేశం. ఆట దాని మీద కప్పిన గుడ్డ మాత్రమే.

అక్కడితో ఆగదు. ఒకే గేమ్‌ని పీఎస్4కి ఒక జాబితాతో, పీఎస్5కి ఇంకో జాబితాతో పెట్టొచ్చు. ఉత్తర అమెరికాకి ఒకటి, యూరప్‌కి ఒకటి, ఆసియాకి ఒకటి అని విడదీస్తే ఆ ఒక్క టాకో ఐదారు ప్లాటినాలు కాస్తుంది. ప్రొఫైల్‌లో అంకె పెంచుకోవాలనుకునేవాళ్లు అన్నీ కొంటారు. కొనేవాళ్లని నేను తిట్టను. అంకెకి విలువ ఇచ్చింది సోనీ, ఆ అంకెని చవగ్గా అచ్చు వేసుకునే అధికారం అమ్మేవాడికి ఇచ్చిందీ సోనీయే. ఒకప్పుడు చిన్న డౌన్‌లోడ్ గేములకి ప్లాటినం ఉండేదే కాదు, డజను ట్రోఫీలతో సరిపెట్టేవాళ్లు. ఆ హద్దు చెరిగాక మొదలైందీ వ్యాపారం.

దీనికి మందు ఇప్పటికే ఒకచోట వాడి చూశారు. కంప్యూటర్ గేముల స్టోర్ స్టీమ్‌లో 2012 నుంచి 2017 దాకా గ్రీన్‌లైట్ అని ఆటగాళ్ల ఓట్లతో గేములు ఎంచుకునేవారు. ఓట్లు కొనుక్కోవడం మొదలైంది. 2017 జూన్‌లో దాన్ని ఎత్తేసి స్టీమ్ డైరెక్ట్ పెట్టారు: గేముకి 100 డాలర్లు కట్టాలి, వెయ్యి డాలర్ల వసూలు దాటితే తిరిగిస్తారు. గేట్లు బార్లా తెరిచినట్టే, 2024లో ఒక్క ఏడాదే 18 వేలకు పైగా గేములు వచ్చాయి. అయితే దానికి కాస్త ముందు స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ చేసిన పని అంతకన్నా ముఖ్యం. అప్పట్లో పనికిరాని గేమ్ ఒకటి పెట్టి, దాన్ని తెరిచే వేల ఉచిత కోడ్‌లు (కీలు) మనుషుల్లేని బాట్ ఖాతాలకి పంచి, ఆడితే ఆ ఖాతాల్లో పడే డిజిటల్ ట్రేడింగ్ కార్డులని అమ్ముకునేవాళ్లు. 2017 మేలో రూలు మార్చారు: నిజమైన మనుషులు నిజంగా కొని ఆడుతున్నారని లెక్కలు తేలేదాకా ఆ గేమ్‌లో కార్డులు పడవు. తేలాక, అప్పటిదాకా ఆడినవాళ్లకి రావాల్సినవన్నీ వెనక్కి లెక్కగట్టి ఇస్తారు. 2018లో అదే పద్ధతి అచీవ్‌మెంట్లకి, అంటే స్టీమ్‌లోని ట్రోఫీల్లాంటివాటికి, తెచ్చారు. కొత్త గేమ్‌కి నమ్మకం కుదిరేదాకా వంద అచీవ్‌మెంట్లకి మించకూడదు, అవి ప్రొఫైల్ మొత్తంలో కలవవు. గేమ్ తెరిస్తే చాలు వేల అచీవ్‌మెంట్లు కురిసే గేములకి ఆ రోజుతో గిరాకీ పోయింది.

సోనీ చేయాల్సిందీ ఇదే. కొత్త గేమ్‌కి, పేరున్న కంపెనీదైనా కొత్త కుర్రాడిదైనా, ఒక వెయ్యి వేర్వేరు ఖాతాలు తలా రెండు గంటలైనా ఆడేదాకా ప్లాటినం మన జాబితాలో 'పెండింగ్' అని ఉండాలి. దాటగానే అందరికీ ఒకేసారి పడాలి. నిజాయితీగా చేసిన చిన్న గేమ్‌కి కొన్ని వారాల ఆలస్యం తప్ప నష్టం లేదు. నలభై నిమిషాల్లో ప్లాటినం ఇచ్చే గేమ్‌ని ఎవడూ రెండు గంటలు ఆడడు కాబట్టి అది ఎప్పటికీ పెండింగే. గంటన్నరలో అయిపోయే అందమైన చిన్న గేములున్నాయి కదా అంటే, వాటికి ప్లాటినం లేకపోతే ఏమీ తగ్గదు, పాత పద్ధతిలో డజను ట్రోఫీలు చాలు. దీనితో పాటు ఒక గేమ్‌కి ఒకే ట్రోఫీ జాబితా, పీఎస్4 అయినా పీఎస్5 అయినా, ఏ దేశమైనా.

కొత్త విడుదలల వరసకి నా సూచన: ఒక ప్రచురణకర్త ఎన్ని గేములైనా పెట్టుకోనివ్వండి, వెతికితే దొరకనివ్వండి. మొదటి పేజీ వరసలో మాత్రం నెలకి ఒకటే చూపించండి. నింటెండో పాత ఐదు గేముల నిబంధనకీ దీనికీ తేడా ఉంది. అది విడుదలనే ఆపింది, ఇది ఉచిత ప్రచారాన్ని మాత్రమే ఆపుతుంది. వేరే పేరుతో ఇంకో కంపెనీ పెడతారు, కొనామి పెట్టినట్టే. అందుకని లెక్క కంపెనీ పేరు మీద కాదు, డబ్బు చేరే బ్యాంకు ఖాతా మీద, పన్ను వివరాల మీద ఉండాలి. ఆ రెండూ స్టోర్ దగ్గర ఎలాగూ ఉన్నాయి.

తనిఖీకి ఒకే ఒక్క కొత్త అంశం చేరుస్తాను. స్టోర్ పేజీలో, ఆ కన్సోల్ మీదే రికార్డు చేసిన, కోతలు లేని అరవై సెకన్ల ఆట ఉండాలి. 2023లో స్విచ్‌కి 'ది లాస్ట్ హోప్: డెడ్ జోన్ సర్వైవల్' అనే గేమ్ వచ్చింది. 'ది లాస్ట్ ఆఫ్ అస్'ని చూసి గీసుకున్నట్టున్న పేజీ, లోపల దిక్కుమాలిన ఆట. సమీక్షకులు చీల్చి చెండాడాక అది స్టోర్ నుంచి మాయమైంది. అప్పటికే కొన్నవాళ్లు కొన్నారు. కోతల్లేని ఒక్క నిమిషం ఆ పేజీలో ఉండి ఉంటే ఎవరికీ సమీక్ష అవసరం ఉండేది కాదు. ఇది అభిరుచికి సంబంధించిన తీర్పు కాదు, ఉందా లేదా అని టిక్కు పెట్టగల అంశం. తనిఖీదారులు బాగా చేయగలిగేది అలాంటి పనే.

చేయకూడనివీ చెప్పాలి, ఎందుకంటే కోపంలో జనం అడిగేవి ఇవే. టెంప్లేట్లూ, కొనుక్కున్న బొమ్మలూ వాడితే నిషేధించాలంటారు. 'వాంపైర్ సర్వైవర్స్' 2021లో కొనుక్కున్న బొమ్మలతో మూడు డాలర్లకి మొదలైంది. 2023లో బ్రిటన్ బాఫ్టా అవార్డుల్లో ఉత్తమ గేమ్ అదే. పబ్‌జీలో కూడా స్టోర్లో కొన్న సరుకు బోలెడు. ప్రవేశ రుసుము వేలల్లో పెంచాలంటారు. వెయ్యి డాలర్లంటే వారానికొకటి అచ్చు వేసేవాడికి వ్యాపార ఖర్చు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు గేమ్ చేసే ఇద్దరికి నెల జీతం. హైదరాబాద్ ఓగర్ హెడ్ స్టూడియో 'అసుర' 2017లో స్టీమ్ మీద బయటికొచ్చింది, పుణె నాడింగ్ హెడ్స్ వాళ్ల 'రాజీ' 2020 ఆగస్టులో ముందుగా స్విచ్ మీద వచ్చింది. తలుపు సన్నగా ఉన్న రోజుల్లో మన దగ్గర్నుంచి ఇలాంటివి స్టోర్ల దాకా వెళ్లడం చాలా కష్టంగా ఉండేది. ఇన్ని కాపీలు అమ్మితేనే డబ్బిస్తామన్న పద్ధతిని నింటెండోనే వీ కన్సోల్ డౌన్‌లోడ్ గేముల స్టోర్ వీవేర్‌లో పెట్టి చూసింది. ఆ గీత దాటని చిన్న స్టూడియోలకి చేసిన పనికి ఒక్క రూపాయి చేతికి రాలేదు. ఇక డెవలపర్లే ఒకరి గేములు ఒకరు పరీక్షించుకునే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2008లో ఎక్స్‌బాక్స్ 360 మీద పెట్టింది. కంట్రోలర్ వణకడం తప్ప ఏమీ చేయని 'మసాజ్' యాప్‌లు అక్కడ వరసకట్టాయి.

స్టోర్లు మారేదాకా కొనేవాళ్లు చేయగలిగింది కొంత ఉంది. పేజీ తెరవగానే ప్రచురణకర్త పేరు నొక్కండి. ఆరు నెలల్లో ఇరవై గేములు, అన్నీ ఒకే రకం కవర్లతో ఉంటే అక్కడితో ఆపేయండి. స్క్రీన్‌షాట్లలో ప్రాణం గీత, మ్యాప్, స్కోరు లాంటివి ఒక్కటైనా కనిపించాలి. ఏవీ లేకుండా సినిమా పోస్టర్లలా ఉంటే అది ఆట బొమ్మ కాదు. ఫైలు సైజు చూడండి: ఓపెన్ వరల్డ్ అని చెప్పి 300 ఎంబీ ఉంటే అనుమానించాలి. స్విచ్‌కి డెకు డీల్స్ అనే వెబ్‌సైట్‌లో ధర చరిత్ర చూడొచ్చు. ఏడాదిలో పది నెలలు 90 శాతం తగ్గింపులోనే ఉందంటే అసలు ధర ఉత్తుత్తిదే. ప్లేస్టేషన్ గేమ్ అయితే ట్రోఫీ జాబితా చూడండి, అంతా బంగారమే అయితే సంగతి తెలిసిపోతుంది.

ఇళ్లలో పిల్లలు కొనేచోట ఇంకో జాగ్రత్త. 'మైన్‌క్రాఫ్ట్'లా చదరపు బొమ్మలున్న కవర్ చూసి, అమెరికాలోనో హైదరాబాద్‌లోనో గిఫ్ట్ కార్డు డబ్బంతా అలాంటి నకళ్ల మీద పోయడం మామూలైపోయింది. ప్లేస్టేషన్ ఫ్యామిలీ మేనేజ్‌మెంట్‌లో పిల్లల ఖాతాకి నెల ఖర్చు పరిమితి సున్నా పెట్టండి, అడిగినప్పుడు పెంచండి. స్విచ్‌లో పిల్లల ఖాతాకి ఈషాప్ కొనుగోళ్లు ఆపే వీలు నింటెండో ఖాతా కుటుంబ సెట్టింగుల్లో ఉంది.

డబ్బు వెనక్కి రావడం మీద ఆశ పెట్టుకోవద్దు. స్టీమ్‌లో 2015 నుంచి, కొన్న 14 రోజుల్లోగా, రెండు గంటల లోపే ఆడి ఉంటే కారణం అడక్కుండా తిరిగిస్తారు. సోనీ కూడా 14 రోజులంటుంది, కానీ డౌన్‌లోడ్ మొదలుపెడితే, గేమ్ లోపభూయిష్టమైతే తప్ప, ఆ హక్కు పోతుంది. ఆడకుండా గేమ్ చెత్తో కాదో తెలిసేదెలా? ఈషాప్‌లో మామూలుగా కొన్నది కొన్నట్టే. పైగా స్విచ్‌ని మన దేశంలో నింటెండో అధికారికంగా అమ్మదు. ఇక్కడి వాళ్లు వేరే దేశపు ఖాతాతో, గిఫ్ట్ కార్డుతో కొంటారు కాబట్టి ఫిర్యాదుకి దారి ఇంకా సన్నం. కన్సోల్ స్టోర్లు ముప్ఫై నిమిషాల లోపు ఆడిన గేమ్‌ని వెనక్కి తీసుకున్నా చాలు. పొరపాటున కొన్న ఆ 115 మందిలో ఎక్కువమంది ఆ అరగంటలోనే తిరిగిచ్చేస్తారు, పైన వేసిన 400 డాలర్ల వారం పని లెక్క అక్కడే తేలిపోతుంది.